తొలి వలసకాలపు నావాట్ల్ రాతప్రతుల్లో పేరు బొమ్మలను ఎలా చదవాలి?

లిపిదారి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మెక్సికోలో 1521 తర్వాత స్పానిష్ పాలన మొదలైన తొలి తరాల్లో నావాట్ల్ భాష మాట్లాడే స్థానిక లేఖకులు బొమ్మలతో రాసిన జనాభా పట్టీలను, పన్ను లెక్కలను కొంతకాలంగా అంతర్జాలంలో చూస్తున్నాను. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్న మెండోసా కోడెక్స్ (కోడెక్స్ అంటే పాత రాతప్రతి గ్రంథం), పారిస్‌లోని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉన్న వెషోత్సింకో మాత్రికులా (పన్ను కట్టేవారి పట్టీ), అదే గ్రంథాలయంలోని వెర్గారా కోడెక్స్ నాకు ఎక్కువగా అందుబాటులో ఉన్నాయి. వీటిలో మనుషుల తలలు వరుసగా గీసి, ఒక్కొక్క తల పక్కన ఆ మనిషి పేరును చిన్న బొమ్మగా వేశారు. చాలాచోట్ల ఆ బొమ్మ దగ్గరే లాటిన్ అక్షరాలతో పేరు కూడా రాసి ఉంది.

మొదట్లో ఇది సులభమే అనుకున్నాను. గద్ద తల ఉంటే పేరు గద్ద, పాము ఉంటే పేరు పాము అనుకుంటూ చదివాను. అయితే ఇట్స్‌కోఆట్ల్ అనే పేరు దగ్గర నా లెక్క తప్పింది. నిఘంటువు ప్రకారం ఆ పేరుకు అబ్సిడియన్ పాము అని అర్థం. అబ్సిడియన్ అంటే వాళ్లు కత్తులకు వాడిన నల్లని అగ్నిపర్వత గాజురాయి. మెండోసా కోడెక్స్‌లో ఆ పేరుగల రాజు పక్కన, వీపు పొడవునా ఆ గాజురాతి పలుకులు పొదిగిన పాము ఉంది కనుక ఇబ్బంది లేదు. వెర్గారా కోడెక్స్‌లో అదే పేరుగల మరో మనిషి పక్కన మాత్రం పామే లేదు. రాతిపలుకు, కుండ, నీళ్లు ఉన్నాయి. పాము పేరులోకి కుండ ఎందుకు వచ్చింది?

దీనితో మరో రెండు సందేహాలు కలిశాయి. మొదటిది: బొమ్మను అర్థంగా చదవాలా, ధ్వనిగా చదవాలా అన్నది ఏ ఆధారంతో నిర్ణయిస్తారు? రెండవది: పక్కన రాసిన అక్షరాల పేరు, బొమ్మ ఒకదానితో ఒకటి పొసగనప్పుడు దేనిని నమ్మాలి? ఈ విషయాన్ని శ్రద్ధగా చదివినవారు వివరించగలరని కోరుతున్నాను.

శాసనపఠనం

లిపిదారి గారూ, మీకు తగిలిన ఉదాహరణ ఈ లిపి అధ్యయనం మొత్తానికి మూలస్తంభం వంటిది, అందుచేత దానితోనే మొదలుపెడతాను.

ముందుగా భాష స్వభావం తెలియాలి. నావాట్ల్ నామవాచకాలు ఒంటరిగా ఉన్నప్పుడు చివర ట్ల్, ట్లి, లి, ఇన్ వంటి ప్రత్యయంతో ఉంటాయి. మరో పదంతో సమాసం కట్టినప్పుడు ముందున్న పదం ఆ ప్రత్యయాన్ని వదిలేస్తుంది. మనకు రాముడు, ఆలయం కలిసినప్పుడు డు పోయి రామాలయం అయినట్టే అక్కడా ప్రాతిపదిక మాత్రమే మిగులుతుంది. బొమ్మ లేఖకుడికి అందించేది కూడా ఈ ప్రాతిపదికనే. రాతిపలుకు ఇట్స్‌ట్లి కనుక దాని బొమ్మ విలువ ఇట్స్. కుండ కోమిట్ల్ కనుక దాని బొమ్మ కో అని పలుకుతుంది. నీరు ఆట్ల్ కనుక దాని విలువ ఆ. మూడింటినీ కలిపితే ఇట్స్-కో-ఆ వస్తుంది, చివరి ట్ల్‌ను చదువరి తనంతట తానే చేర్చుకుంటాడు. అంటే వెర్గారా లేఖకుడు పామును గీయకుండా పాము అనే మాట ధ్వనిని కుండతోను, నీటితోను రాశాడు. కుండకు ఆ మనిషి పేరుతో అర్థపరంగా ఏ సంబంధమూ లేదు.

ఈ రెండు రూపాలనూ పక్కపక్కన పెట్టి చూపినవాడు జోసెఫ్ ఓబఁ అనే ఫ్రెంచి పండితుడు. ఆయన మెక్సికోలో కొంతకాలం ఉండి, వెర్గారా కోడెక్స్‌తో సహా గొప్ప రాతప్రతుల సంపదను సేకరించి, ఈ లిపిలో ధ్వనిని సూచించే చిహ్నాలు ఉన్నాయని 1849లో వెలువడిన తన వ్యాసంలో వాదించాడు. ఆయన సేకరణ 1898లో పారిస్ జాతీయ గ్రంథాలయానికి చేరింది కాబట్టే మీరు ఇప్పుడు ఆ పుటలను చూడగలుగుతున్నారు.

ఊళ్ల పేర్లలో ఈ పద్ధతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ చోటును తెలిపే ప్రత్యయాలను గీయవలసి వచ్చింది. దగ్గర, నడుమ అనే భావాలకు బొమ్మ ఎలా వేస్తారు? ట్లాన్ అనే స్థానప్రత్యయానికి పళ్లు గీశారు, పళ్లను ట్లాన్ట్లి అంటారు కాబట్టి. మెండోసా కోడెక్స్‌లో క్వౌతిట్లాన్ ఊరి పేరు చెట్టు, దాని మానులో పొదిగిన పళ్ల వరుస. పాన్ అనే ప్రత్యయానికి జెండా వేశారు, జెండా పాన్ట్లి కాబట్టి. త్సింకో అనే ముగింపు ఉన్న ఊళ్లకు మనిషి నడుము కింది భాగాన్ని గీశారు, దానిని త్సిన్ట్లి అంటారు కాబట్టి. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది క్వౌనావాక్, అంటే నేటి క్వెర్నవాకా నగరం పేరు. చెట్ల సమీపం అని ఆ పేరుకు అర్థం. లేఖకుడు చెట్టును గీసి, ఆ మానుకే నోరు పెట్టి, నోటి నుంచి మాట వెలువడుతున్నట్టు చుట్ట తిరిగిన గీత వేశాడు. స్పష్టమైన పలుకును తెలిపే నావా అనే ధ్వని, సమీపాన్ని తెలిపే నావాక్ అనే ముగింపుకు అక్కరకు వచ్చింది. చెట్టు మాట్లాడుతోందని అర్థం చెప్పుకుంటే కథ పుడుతుంది కాని పేరు దొరకదు.

క్వౌతిట్లాన్‌లో మరొక సంగతి గమనించండి. చెట్టు క్వౌ, పళ్లు ట్లాన్ ఇస్తాయి. నడుమ ఉన్న తి అనే సంధాయకానికి బొమ్మే లేదు. ఈ లిపి మాటను పూర్తిగా రాయదు. భాష తెలిసినవాడు పూరించుకుంటాడని వదిలేస్తుంది. అందువల్ల నావాట్ల్ వ్యాకరణం రాకుండా కేవలం బొమ్మల పట్టికతో చదవబోయేవారు ఇటువంటి చోట తప్పక తడబడతారు. అలొన్సో దె మోలినా 1571లో ముద్రించిన నిఘంటువును దగ్గర పెట్టుకోవడం చాలా అవసరం. అచ్చుల దీర్ఘాలను, కంఠ్య విరామాన్ని గుర్తించి చూపిన ఒరాసియో కరోచి వ్యాకరణం 1645 నాటిది, అదీ ఉపయోగపడుతుంది.

ఇక ప్రాంతాల తేడా. మెండోసా కోడెక్స్ మెక్సికో నగరంలో 1540ల తొలినాళ్లలో తయారైందని సాధారణంగా చెబుతారు, వెర్గారా కోడెక్స్ తెస్కోకో ప్రాంతంలోని తెపెట్లాఒస్తోక్‌కు చెందినది. తెస్కోకో వైపు రాతలో అక్షరధ్వని చిహ్నాలు ఎక్కువగా కనిపించడాన్ని చాలాకాలం స్పానిష్ అక్షరమాల ప్రభావమని వివరించేవారు. పరిశోధకుడు అల్ఫోన్సో లాకదేనా 2008లో దీనిని ఎదిరించి, అది ఆ ప్రాంత లేఖకుల సంప్రదాయమేనని, మాటలను సూచించే చిహ్నాలు, అక్షరధ్వనులను సూచించే చిహ్నాలు కలిసిన పూర్తి లిపి ఇదని వాదించారు. నాకు ఆయన వాదనే బలంగా తోస్తుంది. కుండను కో అని, రాయిని తె అని, చేతిని మా అని వాడుకునే పద్ధతి నావాట్ల్ మాటల నుంచే పుట్టింది. దానికి స్పానిష్ అక్షరాలు నేర్పవలసినది ఏమీ లేదు.

తెల్లకాగితం

శాసనపఠనం గారి వివరణతో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే ధ్వని సిద్ధాంతం రుచి తెలిసిన కొత్త చదువరులు ప్రతి బొమ్మనూ అక్షరాలుగా విడగొట్టడం మొదలుపెడతారు కాబట్టి, కొన్ని హద్దులు చెప్పడం అవసరమనిపిస్తోంది.

మెషికా (అజ్టెక్) రాజుల పేర్లనే చూడండి. చిమాల్‌పొపోకా అంటే పొగలు కక్కే డాలు. బొమ్మలో డాలు ఉంది, దాని చుట్టూ పొగ చుట్టలు ఉన్నాయి. అకమాపిచ్‌ట్లి పేరుకు రెల్లు కాడలను గుప్పిట పట్టిన చెయ్యి. ఆషాయాకాట్ల్ పేరుకు ముఖం, దాని మీదుగా నీళ్లు. ఇటువంటి చోట్ల బొమ్మ అర్థాన్నీ చూపుతుంది, మాటల ధ్వనినీ వరుసగా ఇస్తుంది, కాబట్టి ఇది అర్థమా ధ్వనా అన్న ప్రశ్నకు ఆ బొమ్మ ఒక్కటే జవాబు చెప్పలేదు. క్వౌతెమోక్ పేరు మరీ ఆసక్తికరం. దిగివచ్చిన గద్ద అని దాని అర్థం. గద్దను తలకిందులుగా దిగుతున్నట్టు గీస్తారు, పక్కన కిందికి వచ్చే అడుగుజాడలూ వేస్తారు. దిగడం అనే క్రియను ఇక్కడ ఏ అక్షరధ్వనితోనూ రాయలేదు, భంగిమతోనూ అడుగులతోనూ చూపారు. యావోట్ల్, అంటే శత్రువు, అనే పేరు మగవారిలో చాలా సాధారణం. దానికి డాలు, రాతిపలుకులు పొదిగిన కర్రకత్తి గీస్తారు. అక్కడ డాలును చిమాల్ అని, కత్తిని మాక్వావిట్ల్ అని విడదీసి చదివితే లేని పేరు పుడుతుంది. గీసిన వస్తువుకూ పేరు అర్థానికీ ఏ సంబంధమూ కుదరనప్పుడే, మీ కుండ విషయంలో లాగా, అది నిస్సందేహంగా ధ్వనిచిహ్నమని తేలుతుంది. మిగిలిన చోట్ల తీర్పును కొంత ఆపుకోవాలి. ఎలిజబెత్ హిల్ బూన్ వంటి పండితులు ఈ చిత్రలేఖనంలో భాషతో ముడిపడని, చూడగానే గ్రహించే భాగానికి ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం లేకపోలేదు.

రెండవ హద్దు: తల పక్కన ఉన్న ప్రతి బొమ్మా పేరు కాదు. 1560 నాటి వెషోత్సింకో మాత్రికులాలో పన్ను కట్టే వేల మంది ఉన్నారు, వారిలో చేతివృత్తుల వారిని గుర్తించే బొమ్మలు కూడా ఉన్నాయి. పనిముట్టును చూసి పేరు అనుకునే ప్రమాదం ఇక్కడ ఎక్కువ. అలాగే బిరుదులు వేరు. బాణాలు, ఇల్లు కలిసి ఉంటే అది ట్లాకోచ్‌కాల్కాట్ల్ అనే సేనాధిపతి పదవి కావచ్చు, మనిషి సొంత పేరు కానవసరం లేదు. జెండా సంగతి ఇంకా చిక్కు. ఊరి పేరులో అది పాన్. పన్ను లెక్కల్లో, దుప్పట్ల మూట మీదనో మరో సరుకు మీదనో కట్టి ఉంటే అది 20 అనే అంకె. వెంట్రుకల కట్టలాంటి గుర్తు 400, సంచి 8,000. జెండా దేనికి అంటుకుని ఉందో చూస్తే చాలావరకు సందేహం తీరుతుంది.

మూడవది రోజుల పేర్లు. 20 రోజుచిహ్నాలు, 13 అంకెలు కలిసి 260 రోజుల పంచాంగం అవుతుంది. పుట్టిన రోజును బట్టి పెట్టిన పేరులో అసలు అంకె కూడా ఉండాలి, కాని వలసకాలపు పట్టీల్లో తరచుగా అంకెను వదిలేసి చిహ్నాన్ని మాత్రమే ఉంచారు. అందుచేత పాము బొమ్మ ఒక్కటే కనిపించినప్పుడు అది రోజుపేరా, వట్టి కోఆట్ల్ అనే పేరా అన్నది బొమ్మ చెప్పదు.

ఇక మీ చివరి ప్రశ్న, అక్షరాలను నమ్మాలా బొమ్మను నమ్మాలా అన్నది. పక్కన రాసిన అక్షరాల పేరును నేను ఒక సాక్షి మాటగా తీసుకుంటాను, తీర్పుగా కాదు. మెండోసా కోడెక్స్ చివర స్పానిష్ వ్యాఖ్యాత తన గోడు తానే రాసుకున్నాడు: చిత్రాల అర్థం విషయంలో స్థానికులు ఒక మాటకు రావడానికి ఆలస్యమైందని, ఓడలు బయలుదేరడానికి 10 రోజుల ముందు మాత్రమే తనకు ప్రతి అందిందని, అందువల్ల తొందరగా రాయవలసి వచ్చిందని. ప్రధాన పూజారిని, ఆలయాలను సూచించడానికి అరబ్బుల నుంచి వచ్చిన మాటలు వాడడం తప్పని కూడా అక్కడే ఒప్పుకున్నాడు. అంత పేరున్న ప్రతిలోనే వ్యాఖ్య ఇంత ఒత్తిడిలో పుట్టినప్పుడు, పల్లె పన్ను పట్టీలో అక్షరాలు రాసిన చెయ్యి, బొమ్మ గీసిన చెయ్యి ఒక్కటేనని ముందే అనుకోకూడదు.

కొన్నిచోట్ల బొమ్మే అక్షరాల కన్నా ఎక్కువ చెబుతుంది. చెట్టు క్వావిట్ల్, గద్ద క్వౌట్లి. సమాసంలో రెండూ క్వౌ అవుతాయి, స్పానిష్ పద్ధతిలో రాసిన అక్షరాల్లో రెండింటికీ తేడా ఉండదు. మెండోసా కోడెక్స్‌లో క్వౌతిట్లాన్‌కు చెట్టు, క్వౌతిన్‌చాన్‌కు గద్ద, ఇల్లు. అక్షరాలు మాత్రమే మిగిలి ఉంటే ఒక ఊరు చెట్లదా, మరొకటి గద్దలదా అని మనం నేటికీ వాదించుకుంటూ ఉండేవాళ్లం. అయితే ఇక్కడా జాగ్రత్త కావాలి: చెట్టు అనే అర్థానికి గద్ద బొమ్మను ధ్వని కోసం వాడే అవకాశం ఈ లిపిలో ఎప్పుడూ ఉంటుంది.

లిపిదారి

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. కుండ సంగతి పూర్తిగా అర్థమైంది, జెండా విషయంలో నేను అడగని సందేహం కూడా తీరింది. మరొక్క మాట. ఒకే బొమ్మకు అనేక విలువలు ఉండగలిగినప్పుడు, ఒక లేఖకుడు దానిని ఏ విలువతో వాడుతున్నాడో తేల్చుకోవడానికి ఆచరణలో ఏం చేస్తారు? బాప్తిస్మం తర్వాత వచ్చిన స్పానిష్ పేర్లను కూడా ఇదే పద్ధతిలో రాశారా?

శాసనపఠనం

నిఘంటువు దగ్గరకు వెళ్లే ముందు అదే ప్రతిలో తిరగాలి, లిపిదారి గారూ. ఈ విషయంలో వెర్గారా కోడెక్స్, దానికి జోడీ అయిన సాంతా మరియా అసుంసియోన్ కోడెక్స్ మనకు అరుదైన అవకాశం ఇస్తాయి. వాటిలో ఒక వాడకు సంబంధించిన సమాచారం మూడు భాగాలుగా ఉంటుంది: మొదట ఇంటింటి మనుషుల పట్టీ, తర్వాత వారి పొలాల గట్ల కొలతలు, ఆ తర్వాత అవే పొలాల వైశాల్యం. ఇంటి యజమాని మూడుచోట్లా వస్తాడు కాబట్టి అతని పేరు బొమ్మా మళ్లీ మళ్లీ వస్తుంది. ఒకచోట చిహ్నాల అమరిక మారవచ్చు, మరోచోట ఒక భాగం తగ్గవచ్చు. ఆ తేడాలను పక్కపక్కన రాసుకుంటే ఏ భాగం పేరుకు తప్పనిసరో, ఏది ధ్వనిని బలపరచడానికి అదనంగా చేర్చినదో తెలుస్తుంది. తర్వాత అదే చిహ్నం ఆ ఊళ్లో ఇంకెవరి పేర్లలో వచ్చిందో ఏరాలి. కుండ మీకు నాలుగు వేర్వేరు పేర్లలో కో దగ్గరే కనిపిస్తే, ఆ లేఖకుడికి అది కో అని నమ్మకంగా చెప్పవచ్చు. ఆ నిర్ధారణను నేరుగా వెషోత్సింకోకు మోసుకుపోకూడదు, అక్కడి వారి అలవాట్లను అక్కడే మళ్లీ పరీక్షించాలి. చదివే వరుస కూడా స్థిరంగా ఉండదు. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి, రెండు చిహ్నాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి కూడా ఉంటాయి, కాబట్టి తెలిసిన పేర్ల ద్వారానే ఆ లేఖకుడి వరుసను పట్టుకోవాలి.

రంగు సంగతి కూడా పట్టించుకోండి. నీటి నీలం, రాతిపలుకు నలుపు చాలాసార్లు చిహ్నాన్ని గుర్తుపట్టడానికి ఆధారం అవుతాయి. పాత ముద్రణల్లోని నలుపు తెలుపు నకళ్లలో ఆ ఆధారం పోతుంది. గ్రంథాలయాలు పెట్టిన రంగుల ప్రతిబింబాలనే వాడండి.

స్పానిష్ పేర్ల గురించి తెల్లకాగితం గారు చెబితే బాగుంటుంది.

తెల్లకాగితం

రాశారు, అదీ ఇదే పద్ధతిలో. ధ్వనిచిహ్నాలు నిజంగా పనిచేశాయనడానికి వాటికన్నా బలమైన రుజువు నాకు తెలియదు, ఎందుకంటే పరాయి పేరుకు నావాట్ల్‌లో అర్థమే లేదు, గీయడానికి ధ్వని తప్ప మరేమీ మిగలదు.

తెలెరియానో-రెమెన్సిస్ కోడెక్స్‌లో తొలి వైస్రాయి ఆంతోనియో దె మెండోసా పేరును ఎలా రాశారో చూడండి. కిత్తలి మొక్క, దానితో పాటు నేలలో బొరియలు తవ్వే గోఫర్ అనే జంతువు. కిత్తలి మెట్ల్, ఆ జంతువు తొసాన్, కలిపితే మె-తొసా. నావాట్ల్‌లో ద అనే ధ్వని లేదు, అందువల్ల దాని స్థానంలో త వచ్చింది. నడుమ న కనిపించదు. అక్షరాలతో రాసిన నావాట్ల్‌లో కూడా అక్షరాంతంలోని న తరచుగా జారిపోతుంది. అందుచేత స్పానిష్ పేరును వెతికేటప్పుడు ముందుగా దానిని నావాట్ల్ నోటితో పలికి చూడాలి: బ స్థానంలో ప, ద స్థానంలో త, ర స్థానంలో ల పెట్టుకోవాలి. పెద్రో అనే పేరును పెద్రోగానే వెతికితే దొరకదు.

అయితే ప్రతి స్పానియార్డునూ ధ్వనితోనే రాయలేదు. పెద్రో దె ఆల్వరాదోకు స్థానికులు తొనాతియు, అంటే సూర్యుడు, అని మారుపేరు పెట్టారు. అతని పక్కన సూర్యబింబం కనిపిస్తే ఆల్వరాదో అనే ధ్వని కోసం వెతకనవసరం లేదు, వాళ్లు అతనిని పిలుచుకున్న పేరే అక్కడ ఉంది.

లాటిన్ ప్రార్థనను నేర్చుకోవడానికి కూడా ఈ ఉపాయాన్ని వాడారని 16వ శతాబ్దపు ఫ్రాన్సిస్కన్ సన్యాసి హెరోనిమో దె మెందియేతా నమోదు చేశాడు. పాతెర్ నోస్తెర్ అనే ఆరంభ పదాలకు జెండా, రాయి, నాగజెముడు పండు, మళ్లీ రాయి గీసేవారు. పాన్ట్లి, తెట్ల్, నోచ్‌ట్లి, తెట్ల్. అంటే పాన్-తె, నోచ్-తె. రెండు మాటల చివరా ఉన్న ర అనే ధ్వనికి నావాట్ల్‌లో చోటు లేదు కాబట్టి దానిని వదిలేశారు, స్త ఉన్నచోట చ్త అన్నా చాలనుకున్నారు. మీరు వెర్గారా పుటల్లో రాయి చిహ్నాన్ని వెతకడం మొదలుపెట్టినప్పుడు, ఏటవాలు చారలతో, రెండు చివరలా చుట్ట తిరిగిన అంచులతో ఉండే దాని రూపాన్ని ముందు బాగా కంటికి అలవాటు చేసుకోండి. పేర్లలో తె అనే ధ్వని చాలా తరచుగా వస్తుంది, అది పట్టుబడితే పక్కనున్న చిహ్నాలను తేల్చడం సులభమవుతుంది.